అమ్మాయి తప్ప అన్నీ

రీమిక్స్ అనగానే మన సాహిత్య మిత్రుల మొహాలు కాస్త ముడుచుకుంటాయి. పాత పాటని పాడుచేయడం అనే అర్థమే దానికి మన దగ్గర స్థిరపడిపోయింది. వాళ్ళని తప్పుపట్టలేం, మనకి దొరికిన రీమిక్సులు అలాంటివి. 1977 నాటి ‘యమగోల’లో తాత పాట 2007లో ‘యమదొంగ’లో మనవడికి వచ్చింది. 1991 ‘గ్యాంగ్‌లీడర్‌’లో తండ్రి పాడుకున్న వానపాట 2012లో ‘రచ్చ’లో కొడుక్కి వచ్చింది. మరుసటి ఏడాది ‘నాయక్‌’లోకి ‘కొండవీటి దొంగ’ (1990) పాట దిగింది. పొలం, ఇల్లు, ఇంటిపేరు వచ్చినట్టే పాట కూడా మగపిల్లవాడికి సంక్రమించే ఆస్తి అయింది. ఈ బదిలీలో హీరోయిన్ మారిపోతుంది, పాడే ఆవిడ మారిపోతుంది, దాని గురించి ఎవరూ ఒక్క మాట అనుకోరు. ఆ పాత పాటలో సగం సుశీలగారిదో చిత్రగారిదో అన్న సంగతి అభిమానుల లెక్కలోకి రాదు. వారసుడి అడుగులు తాత అడుగులకి సరిపోయాయా లేదా అన్నదే లెక్క.

నాకు ప్రాణమైన రీమిక్స్ ఒకటుంది. అది ఇంగ్లీషు పాట. పేరు ‘మిస్సింగ్’. పాడింది ట్రేసీ థార్న్. ఆమె, బెన్ వాట్ అనే ఆయన కలిసి 1982లో ఇంగ్లండులోని హల్ అనే ఊళ్ళో మొదలుపెట్టిన బృందం పేరు ‘ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్’. అమ్మాయి తప్ప అన్నీ. ఆ ఊళ్ళో ఒక ఫర్నిచర్ దుకాణం వాడు వేసుకున్న ప్రకటన నుంచి తీసుకున్న పేరది. పడకగదికి కావలసిన సమస్తమూ మా దగ్గర ఉంది, అమ్మాయి ఒక్కతే లేదు అని దుకాణదారు చమత్కారం. అమ్మాయిని మంచం, పరుపు, బీరువాల వరసలో చేర్చిన ఆ వెకిలి చమత్కారాన్ని తీసుకుని, అందులో ఒక ఆడపిల్ల గొంతెత్తి పాడితే ఎలా ఉంటుందో చూడండి. అంతకుముందు బడిలో చదువుకునే వయసులోనే ఆమె స్నేహితురాళ్ళతో కలిసి ఒక చిన్న బృందం పెట్టుకుంది. దాని పేరు ‘మెరైన్ గర్ల్స్’, 1981లో వచ్చిన వాళ్ళ ఆల్బం పేరు ‘బీచ్ పార్టీ’. సముద్రం ఒడ్డున పుట్టిపెరిగినదాన్ని గనక ఈ వివరం నాకు ఉత్తపుణ్యానికి సంతోషం కలిగిస్తుంది. మా ఒడ్డున ఆడపిల్లలు కట్టుకున్న బృందం ఏదీ నేను ఎరగను.

‘మిస్సింగ్’ మొదట 1994లో వచ్చింది. గిటారు మీద నడిచే, మెత్తటి, లోపలికి పాడుకునే పాట. ఒకావిడ రైలు దిగి, ఒకప్పుడు తనకి బాగా కావలసిన మనిషి ఉన్న వీధికి వెళుతుంది. ఆ మనిషి అక్కడ లేడు. ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా ఎదురుచూస్తున్నట్టే ఉంది. పాట మొత్తం అంతే. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి చెందిన టాడ్ టెర్రీ అనే డి.జె. దీన్ని హౌస్ సంగీతంలోకి మార్చాడు. అమెరికాలో డాన్సు క్లబ్బుల నుంచి మొదలై 1995లో అది యూరపంతా పాకింది. ఇంగ్లండులో 3వ స్థానానికీ, 1996లో అమెరికాలో 2వ స్థానానికీ చేరింది. అమెరికాలో మొదటి వంద పాటల పట్టికలో ఏడాదికి పైగా నిలబడింది. తమాషా ఏమిటంటే ఈలోగా ఇంగ్లండులో వాళ్ళ రికార్డు కంపెనీ వాళ్ళని వదిలేసుకుంది కూడా.

ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసిన చరిత్ర. పాట మాత్రం 1998లోనే మా ఇంటికి వచ్చింది. మా చిన్నమ్మ కువైట్ నుంచి తెచ్చింది.

మాది మైపాడుకి కాస్త ఎగువన సముద్రం పక్క పల్లె. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా వచ్చే బస్సు దిగి, బకింగ్‌హాం కాలువ దాటి నడవాలి. 1990ల్లో మా వైపు రెండే పెద్ద మాటలు వినపడేవి. ఒకటి రొయ్య, రెండోది కువైట్. మగవాళ్ళు రొయ్యల గుంటల మీద అప్పులు చేస్తే ఆడవాళ్ళు కువైట్ పోయి తీర్చేవాళ్ళు. నెల్లూరు, కడప జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ పోయిన ఆడవాళ్ళ గురించి ఇప్పుడు వ్యాసాలూ కథలూ వచ్చాయి గానీ, అప్పట్లో వాళ్ళ గురించి రెండు రకాల మాటలే ఉండేవి. బంగారం తెచ్చిందనో, చెడిపోయిందనో.

చిన్నమ్మ 1995లో పోయింది. అంతకుముందు గంపలో చేపలు పెట్టుకుని నెల్లూరు వీధుల్లో అమ్మేది. ఇంటిపని వీసా, అక్కడి లెక్కల్లో 20వ నంబరు వీసా అంటారు. 20వ నంబరు మీద పోయినవాళ్ళకి అప్పట్లో కువైట్ కార్మిక చట్టం వర్తించదు. పనిగంటలకి హద్దు, వారానికో సెలవు రోజు అనే మాటలు అక్కడి చట్టంలోకి ఇంటిపనివాళ్ళ కోసం వచ్చింది 2015లో. అంటే చిన్నమ్మ వెళ్ళిన 20 ఏళ్ళకి. ఆమె మూడేళ్ళలో ఒక్క రోజు కూడా సెలవు తీసుకోలేదు.

1997లో మా అమ్మమ్మ చనిపోయింది. ఆ సంగతి చిన్నమ్మకి చెప్పకూడదని ఇంట్లో మగవాళ్ళు నిర్ణయించారు. చెబితే ఏడ్చి గోలచేసి వచ్చేస్తుంది, అగ్రిమెంటు పూర్తికాదు, గుంటల అప్పు తీరదు. ఎనిమిది నెలలపాటు ఉత్తరాల్లో “అమ్మ బాగుంది, నిన్ను అడుగుతా ఉంది” అని రాయించారు. ఇలాంటి ఉత్తరాలు మా ఒక్క ఇంట్లోనే కాదు, మా చుట్టుపక్కల చాలా ఇళ్ళ నుంచి పోయాయి. చిన్నమ్మ మద్రాసులో విమానం దిగి, నెల్లూరులో రైలు దిగి, అక్కడి నుంచి బస్సెక్కి ఇంటికి వచ్చింది. అమ్మమ్మ కోసం తెచ్చిన దుప్పటి చేతిలోనే ఉంది.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు శోకాలు తీస్తారు. ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. ఒకావిడ చచ్చిపోయిన మనిషి గుణగణాలు, పెట్టిన కూడు, పడిన కష్టం వరసపెట్టి రాగంతో ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు చివరి మాట అందుకుంటారు. ఊగుతారు. గుండెల మీద చేత్తో కొట్టుకునే దెబ్బే తాళం. ఒకరి గొంతు అలిసిపోతే ఇంకొకరు ఎత్తుకుంటారు. ఏడుపు ఒంటరిది కాకుండా చూసే ఏర్పాటది. చిన్నమ్మ వచ్చిన రోజు ఆ ఏర్పాటు దొరకలేదు. ఎనిమిది నెలలు గడిచిపోయాయి, అందరి ఏడుపులూ అయిపోయాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు, మర్యాదకి కాసేపు పట్టుకుని ఏడ్చారు, పడవలొచ్చే వేళయిందని లేచిపోయారు. చిన్నమ్మ ఎత్తుకున్న శోకానికి వంతపాడేవాళ్ళు లేకపోయారు. నేను అప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఒక మనిషి ఏడుపు మధ్యలో ఆపేసి చుట్టూ చూడడం మొదటిసారి చూశాను.

ఆమె తెచ్చిన సామాన్లలో ఒక టూ-ఇన్-వన్, నాలుగైదు క్యాసెట్లు ఉన్నాయి. రెండు తెలుగు సినిమా పాటలవి, ఒకటి ప్రార్థన పాటలది. ఒకటి మాత్రం పైన ఏమీ రాయని క్యాసెట్టు. పనిచేసిన ఇంటి పెద్దకూతురు కాలేజీ పిల్ల, ఆ పిల్ల గదిలో రోజూ మోగే పాటలని బతిమాలి ఎక్కించుకుందట. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒకటే గోడ. “నేను గిన్నెలు కడగతా ఉంటే అవతల మోగేది. మాటలు ఒక్కటీ తెలవదు. ఆ దెబ్బ మాత్రం గోడలోంచి వొచ్చేది” అని చెప్పింది. గోడలోంచి దెబ్బ రావడం అనేది ఎంత సరైన మాటో హౌస్ సంగీతం గురించి చదువుకున్నాక గాని నాకు అర్థంకాలేదు. గొంతునీ వాయిద్యాలనీ గోడ ఆపేస్తుంది, అడుగున ఉన్న డ్రమ్ము దెబ్బని ఆపలేదు. గోడకి అవతల ఉన్నవాళ్ళ దాకా పోయే సంగీతం అది.

ఆ క్యాసెట్టులో రెండో వైపు మూడో పాట ‘మిస్సింగ్’. టాడ్ టెర్రీ రీమిక్స్.

హౌస్ అనే పేరు వెనక ఇల్లు లేదు, ఒక గోదాము ఉంది. షికాగోలో 1977లో తెరిచిన ‘వేర్‌హౌస్’ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి డి.జె. రికార్డులు వేసేవాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు, లాటినోలు, వాళ్ళలోనూ ఎక్కువమంది స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా చేతులు పట్టుకుని నిలబడలేనివాళ్ళు. అదే షికాగోలో 1979 జులై 12న ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులని కుప్పపోసి పేల్చేసి పండగ చేసుకున్నారు. ఆ కోపం ఒట్టి సంగీతం మీద కోపం కాదని, ఆ సంగీతం ఎవరిదో వాళ్ళ మీద కోపమని చాలామంది రాశారు. పేల్చేసిన డిస్కో ముక్కలనే ఏరుకుని, డ్రమ్ము యంత్రాల మీద మళ్ళీ కట్టుకున్నది హౌస్. నిమిషానికి 120, 125 దెబ్బలు, ఒకే ఎడంతో, ఎక్కడా తడబడకుండా.

చిన్నమ్మకి ఈ కథ చెప్పి, దీన్ని హౌస్ అంటారు అన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. “ఇంటిపని చేసుకుంటా వినేదేమోలే” అంది.

ఆ దెబ్బ మాకు పరాయిదిగా అనిపించకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా పల్లెకి పడమరగా రొయ్యల గుంటలు. నీళ్ళల్లో గాలి కలపడానికి వాటిలో ఏరేటర్లు తిరుగుతాయి. రాత్రంతా రెక్కలు నీళ్ళని కొడుతూనే ఉంటాయి. ఆగిపోతే గుంట యజమాని పరిగెత్తుకొస్తాడు, ఎందుకంటే రొయ్యలు చచ్చిపోతాయి. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఎత్తిపోయినప్పుడూ, 1996 డిసెంబరులో తీరం పక్కన చెరువులు కూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడూ మా ఊళ్ళో కొన్ని రాత్రులు ఆ చప్పుడు ఆగింది. నిద్రపట్టలేదు. ఇది విన్నవాళ్ళు నవ్వుతారు గానీ, ఒకే ఎడంతో పడే దెబ్బ అలవాటైన చెవికి నిశ్శబ్దమే భయం. కువైట్ నుంచి వచ్చాక చిన్నమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయింది. ఐసు మీద వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. సాయంత్రం వేడినీళ్ళల్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఆ క్యాసెట్టు పెట్టమనేది.

ఇప్పుడు పాట సంగతి. ఈ రీమిక్స్‌లో ఏముందని నాకింత ఇష్టమో చెప్పాలి.

రీమిక్స్ చేసేవాడి దగ్గరికి పాట విడివిడి పోగులుగా వస్తుంది. గొంతు వేరు, గిటారు వేరు, తాళం వేరు. వాడు ఏం ఉంచాడు, ఏం తీసేశాడు అన్నదాంట్లో వాడి బుద్ధి తెలుస్తుంది. మామూలుగా డాన్సు రీమిక్సుల్లో మొదట దెబ్బతినేది గొంతే. పాటలో ఒక ముక్క, ఒక కేక, ఒక మూలుగు కత్తిరించుకుని అదే తిప్పితిప్పి వేస్తారు. ఆడదాని గొంతు పాటగా పనికిరాదు, శబ్దంగా పనికొస్తుంది. టాడ్ టెర్రీ ఇక్కడ అందుకు విరుద్ధంగా పోయాడు. చుట్టూ ఉన్న మెత్తదనాన్ని తీసేశాడు. అడుగున గట్టి డ్రమ్ము, దానికి ఎడాపెడా పడే తాళాలు, నడకలా సాగే బేస్ పెట్టాడు. గొంతుని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాడు. ట్రేసీ థార్న్ చెప్పే కథ మొదటినుంచి చివరిదాకా ఉంటుంది. ఆమె తొందరపడదు, అరవదు. హౌస్ పాటల్లో గొంతు చించుకుని పాడే గాయనులు చాలా గొప్పవాళ్ళు, వాళ్ళంటే నాకు ప్రాణం. ఈ గొంతు అలాంటిది కాదు. కిందస్థాయిలో, పక్కమనిషికి చెబుతున్నట్టు ఉంటుంది. అంత పెద్ద తాళం మీద అంత నెమ్మదైన గొంతు. దుకాణదారు ప్రకటన తలకిందులైంది. ఇందులో అన్నీ తీసేసి అమ్మాయిని ఉంచారు.

మొదటి పాటలో ఆమె ఆ వీధిలో నిలబడిపోయి ఉంటుంది. రీమిక్స్‌లో నడుస్తూ ఉంటుంది. మాటలు అవే. ఈ తేడా నాకు నేనుగా తోచింది కాదు. నెల్లూరులో ఇంటర్ చదువుతున్నప్పుడు డిక్షనరీ పెట్టుకుని పాట అర్థం తెలుసుకుని, సెలవులకి వచ్చినప్పుడు చిన్నమ్మకి చెప్పబోయాను. రైలు, పాత వీధి, అక్కడ లేని మనిషి. పల్లవిలో ఎడారి ప్రస్తావన ఉందని కూడా చెప్పాను, ఆమెకి నచ్చుతుందని. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. “ఆ పిల్లకి ఏడుపొస్తా ఉండాది, అయినా నడస్తా ఉండాది గదా. అది తెలస్తానే ఉండాది మే, దానికి ఇంగిలీసు ఎందుకు?” అంది.

సంగీత విమర్శకులు ఈ రీమిక్స్ గురించి రాసినవి కొన్ని చదివాను. దుఃఖాన్నీ నాట్యాన్నీ కలిపిందని రాస్తారు. నిజమే. కానీ ఆ రెండూ విడివిడిగా ఉండాలన్నది ఎవరి రూలు? శోకం తీసే ఆడవాళ్ళు ఊగుతారని పైన చెప్పాను. తాళం లేకుండా మా వైపు ఎవరూ ఏడవరు. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే దాని మీద ఏడుపు నిలబడుతుంది, లేకపోతే కూలబడిపోతుంది. చిన్నమ్మకి ఆ రోజు దొరకని వంతపాట ఒక యంత్రం దగ్గర దొరికింది. అది అలిసిపోదు, పడవలొచ్చే వేళయిందని లేచిపోదు.

మా ఇంట్లో వాళ్ళకి ఇది నచ్చేది కాదని వేరే చెప్పక్కర్లేదు. “కువైట్ పోయొచ్చి డిస్కోలు మరిగింది” అన్నారు. అమ్మమ్మ సంవత్సరీకం కూడా కాకముందే పాటలేంటని అన్నారు. అమ్మమ్మ చావుని ఎనిమిది నెలలు దాచిపెట్టినవాళ్ళే అన్నారు. చిన్నమ్మ ఒకసారి మాత్రం జవాబు చెప్పింది. “నా ఏడుపు నాకు వొచ్చినట్టు ఏడస్తా” అంది. ఆ తర్వాత ఎవరూ టూ-ఇన్-వన్ జోలికి రాలేదు. అప్పు తీరింది ఆమె డబ్బుతోనే అన్నది కూడా ఒక కారణం కావచ్చు.

మా జిల్లాలో ఆడవాళ్ళకి పాటని మార్చుకోవడం కొత్త కాదు. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో, చదువుల బడిలో నేర్చుకున్న అక్షరాలతో పాటు పాత బాణీలు పనికొచ్చాయి. ఊళ్ళల్లో పనిపాటల్లో పాడుకునే వరసల్లోనే సారా కొట్టు వాడి మీద మాటలు కట్టి పాడారు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాత బాణీ, కొత్త దెబ్బ. దాన్ని ఎవరూ రీమిక్స్ అనలేదు గానీ, నా లెక్కలో మనవాళ్ళు చేసిన గొప్ప రీమిక్స్ అదే. తాత పాటకి మనవడు అడుగులు వేసింది కాదు.

గొంతు ఎవరిది, పేరు ఎవరిది అన్న గొడవ హౌస్ సంగీతంలో చాలానే ఉంది. లొలియటా హాలోవే అనే నల్లజాతి గాయని 1980లో పాడిన ‘లవ్ సెన్సేషన్’లో ఆమె గొంతు ముక్కలని తీసుకుని, ఇటలీకి చెందిన ‘బ్లాక్ బాక్స్’ బృందం 1989లో ‘రైడ్ ఆన్ టైమ్’ చేసింది. ఇంగ్లండులో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. తెర మీద పెదవులు కదిపింది ఇంకొకావిడ, సన్నగా పొడవుగా ఉన్న మోడల్. మార్తా వాష్‌కీ అదే జరిగింది. 1990లో ‘గొన్నా మేక్ యూ స్వెట్’ అనే పాట అమెరికాలో మోగిపోయింది. గొంతు ఆమెది, వీడియోలో కనపడింది వేరే ఆవిడ. మార్తా వాష్ లావుగా ఉంటుంది, అదీ కారణం. గొంతు ఉంచుకుని మనిషిని తీసేశారు. ఆమె కోర్టుకి వెళ్ళింది, కంపెనీలు రాజీకి వచ్చాయి. పాడినవాళ్ళ పేరు స్పష్టంగా వేసే పద్ధతి ఆ తర్వాతే గట్టిపడింది. మన సినిమాల్లో తెర వెనక గొంతుకి ఒక గౌరవం ఉంది, ఆ విషయంలో మనం కొంత నయం. కానీ 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోకి ఒక జానపద గీతం వచ్చినప్పుడు, ఆ పాటని అంతకుముందే వెలుగులోకి తెచ్చిన పల్లె అమ్మాయి సంగతేమిటని పెద్ద చర్చే జరిగింది. పాట పల్లెలో ఉన్నంతకాలం అందరిదీ, సినిమాలోకి వచ్చాక కొందరిది.

ఇప్పుడు మా ఒడ్డున డి.జె. అంటే పాట కాదు, లారీ మీద పేర్చిన బాక్సులు. పెళ్ళి ఊరేగింపు, వినాయక నిమజ్జనం, కొత్త సంవత్సరం, అన్నిటికీ అవే. కనుమ రోజు మైపాడు బీచి దగ్గర చూడండి. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఆడుతుంటారు, ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని క్యారియర్లకీ, పిల్లలకీ, విప్పిన చొక్కాలకీ కాపలా కాస్తుంటారు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో సంగీత్ అని ఒకటి వచ్చింది, అందులో పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు నేర్చుకున్న స్టెప్పులు వేస్తారు. మంచిదే. కానీ అక్కడ కూడా 50 దాటిన ఆడవాళ్ళ పని ప్లేట్లు అందించడమే.

2019లో మా ఇంట్లో ఒక పెళ్ళికి బాక్సులు పెట్టారు. రాత్రి పదింటికి ఆపెయ్యాలి, లేకపోతే పోలీసులు వస్తారు. తొమ్మిదిన్నర దాటాక చిన్నమ్మ చేతులు తుడుచుకుంటా డి.జె. అబ్బాయి దగ్గరికి పోయింది. నన్ను పిలిచి పేరు చెప్పమంది. వాడు ఫోనులో వెతికి, “ఇది చాలా పాతదాంటీ, దీనికి ఎవురూ ఆడరు” అన్నాడు. పెట్టమంది. మొదటి దెబ్బలు పడగానే కుర్రాళ్ళు ఇదేం పాటని పక్కకి తప్పుకున్నారు. ఖాళీ అయిన ఆ చోటులోకి చిన్నమ్మ పోయి నిలబడింది. చేతులు పైకెత్తలేదు. స్టెప్పులేమీ లేవు. పక్కకి రెండడుగులు, ఇటు రెండడుగులు, నడక లాంటిదే. రొయ్యల షెడ్డులో ఆమెతో పనిచేసే ఇద్దరు వచ్చి కలిశారు. తర్వాత మా అమ్మ. మోకాళ్ళ నొప్పులని పొద్దున్నించీ కుర్చీ దిగని మనిషి. ఏడెనిమిదిమంది అయ్యారు. ఎవరికి వాళ్ళు ఆడలేదు, తెలియకుండానే గుండ్రంగా నిలబడ్డారు, ఒకరిద్దరు పక్కవాళ్ళ భుజాల మీద చేతులు వేశారు. ఆ వరస నాకు ఎక్కడ చూసిందో వెంటనే గుర్తొచ్చింది. వాళ్ళకి గుర్తొచ్చిందో లేదో అడగలేదు. పాట అయిపోయాక చిన్నమ్మ మళ్ళీ వంటల వైపు పోయింది.

ఈ వ్యాసం రాయడానికి ముందు ఆమెకి 1994 నాటి అసలు పాట వినిపించాను. ఎప్పుడూ వినలేదు. శ్రద్ధగా విని, “ఎవురికో జొరమొచ్చి కోలుకుంటా పాడినట్టుండాది” అంది. నేను ఉలిక్కిపడ్డాను. బెన్ వాట్ 1992లో చావుదాకా పోయి వచ్చాడు, నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ ఆల్బం వాళ్ళు ఆ జబ్బు తర్వాత చేసింది. ఆ సంగతి చెప్పాను. “పాపం” అని, “మనది పెట్టు” అంది. మనది అంటే రీమిక్స్.

పాట నడుస్తుండగా మార్తా వాష్ కథ కూడా చెప్పాను. పాట గురించి చెప్పిన వేటికీ వెయ్యనన్ని ప్రశ్నలు దీనికి వేసింది. ఆ తల్లికి ముందు ఎంతిచ్చారు, కాయితం రాసుకున్నారా, లాయరుని ఎవరు పెట్టారు. కోర్టుకి పోయిందా అని రెండుసార్లు అడిగింది.

“పొయ్యింది చిన్నమ్మా. కంపెనీలే దిగొచ్చినాయి.”

“మరి ఈ పిల్లకి ఇచ్చారా?”

ట్రేసీ థార్న్, బెన్ వాట్ ఆ పాట తామే రాసుకున్నారు గనక పాట ఎన్నిసార్లు మోగినా వాళ్ళ వాటా వాళ్ళకి వస్తుందని చెప్పాను. చిన్నమ్మ తల ఊపింది. కువైట్‌లో పనిచేసిన ఇంటివాళ్ళు చివర్లో జీతం ఎగ్గొట్టారని మా అందరికీ తెలుసు, ఆమె ఆ మాట ఎత్తి చాలా ఏళ్ళయింది.

“నాకు ఇంకా నాలుగు నెలలది రావాల” అంది, నా చేతిలో ఫోను తీసుకుని సౌండు పెంచుతా.